చెయ్యి ఎత్తని కీపరు

ఆగస్టు 3

అన్నయ్యా,

ఫోన్లో చెబితే నీకు సగం వినపడదు, వినపడిన సగానికి నువ్వు ప్రార్థన మొదలుపెడతావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. కుట్టు మిషను ఆపి, కళ్ళజోడు పెట్టుకుని చదువు.

నా హాకీ పిల్లలు ఈ ఏడాది నా చేతికి అందడం లేదు. డ్రిల్లు టీచరుగా పందొమ్మిదేళ్ళ నుంచీ ఈల ఊదుతున్నాను గానీ ఇలాంటి జట్టుని చూడలేదు. మా కెప్టెన్ని అందరూ మిడత అంటారు. అది గెంతిందంటే బంతి గోల్లో ఉన్నట్టే. పోయిన మ్యాచ్‌లో పద్దెనిమిది గోల్సు వేశారు, అవతలివాళ్ళు సున్నా. వచ్చే శనివారం నాలుగో నంబరు బడితో ఆట. మా జాబితాలో బడులకి నంబర్లే గానీ పేర్లుండవు, ఆటలన్నీ జిల్లా మైదానంలోనే కాబట్టి వాళ్ళు ఏ ఊరివాళ్ళో కూడా తెలీదు. తెలిసిందల్లా ఈ ఏడే జట్టు కట్టారని, సగం మందికి సొంత కర్రలు కూడా లేవని.

మా పోటీల్లో పాత పద్ధతి ఒకటుంది. తేడా పదిహేను గోల్సు దాటితే రిఫరీ ఓడుతున్న జట్టు గోల్‌కీపరు దగ్గరికెళ్ళి "ఆపమంటావా?" అని అడగాలి. కోచ్‌ని కాదు, కెప్టెన్ని కాదు, కీపర్నే. దెబ్బలు తినేది ఆ పిల్లే కాబట్టి. ఆమె చెయ్యెత్తితే ఆట అక్కడితో సరి. ఎత్తకపోతే చివరిదాకా సాగాల్సిందే. ఈల మోగాక గెలిచిన కెప్టెను బంతి తీసుకెళ్ళి ఆ కీపరు చేతిలో పెట్టి "ఆట అయిపోయింది" అనాలి. అప్పుడే ముగిసినట్టు లెక్క.

నా ప్రశ్న ఒక్కటే. పది గోల్సయ్యాక పిల్లల్ని నెమ్మదించమననా? హెడ్మాస్టరు "మీ ఇష్టం మేడం" అని ఫైల్లో తల దూర్చేశాడు. గ్రంథం చేతిలో ఉన్నవాడివి నువ్వు. చెప్పు.

నీ చెల్లెలు


ఆగస్టు 7

నా తోడబుట్టినదానా, బొంగరమా, నీకు శాంతి!

నన్ను ఏ బడీ చదివించలేదని నీకు తెలుసు. సీటు కవర్లు కుట్టుకుంటూ, మిషను పక్కన గ్రంథం తెరిచిపెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుని నేర్చుకున్నవాణ్ణి. అందుకే నా మాట మెత్తగా ఉండదు.

నెమ్మదించడమా! ఎవరు నేర్పారే నీకీ నాటకం? గ్రంథంలో కోటగోడలు కూలేదాకా చుట్టూ ఏడు రోజులు తిరిగినవాళ్ళు ఆరో రోజున "పోనీలే పాపం" అని ఇళ్ళకి పోయారా? సగం బలంతో ఆడటమంటే అవతలివాళ్ళ మొహాన "నా పూర్తి బలానికి నువ్వు తగవు" అని రాయడం. అది దయ కాదు, దయ వేషం వేసుకున్న గర్వం. నీ పిల్లలకి కాళ్ళిచ్చినవాడు సగం కాళ్ళిచ్చాడా? వెయ్యమను. చివరి ఈల దాకా వెయ్యమను.

ఇక మీ చెయ్యెత్తే పద్ధతి నాకు సుతరామూ నచ్చలేదు. గ్రంథంలో, కింద యుద్ధం జరుగుతుంటే కొండమీద నిలబడిన ఆ ముసలాయన చేతులు ఎత్తి ఉన్నంతసేపే తనవాళ్ళు గెలిచారు. అలసిపోతే ఇద్దరు చెరోపక్క పట్టుకుని నిలబెట్టారు. చెయ్యి ఉన్నది పైవాడి వైపు ఎత్తడానికి. మనిషి ముందు ఎత్తితే అది చెయ్యే కాదు, తెల్లగుడ్డ.

ఈ సంగతే మా గువ్వకి చెప్పాను. అదే, నా మనవరాలు. దాని తల్లి నర్సు ఉద్యోగానికి దూరం వెళ్ళాక నా దగ్గరే ఉంటోంది. నువ్వు చూసినప్పుడు ఉయ్యాల్లో ఉంది, ఇప్పుడు పదమూడు. మాటలు తక్కువ. భోజనాల దగ్గర నీ ఉత్తరం చదివి "చెయ్యెత్తకూడదే" అన్నాను.

"ఎవరడిగినా?" అంది.

"ఎవరడిగినా."

"ఎన్నిసార్లడిగినా?"

"ఎన్నిసార్లడిగినా!" అని బల్ల చరిచాను. గ్లాసులు ఎగిరాయి. పిల్ల తల ఊపింది.

గెలిచి రాయి.

నీ అన్న, కుట్టుపనివాడు, వాక్యానికి కూలివాడు


ఆగస్టు 16

అన్నయ్యా,

ముప్ఫై ఒకటి – సున్నా.

రాసి చూసుకుంటే అంకెలు కూడా నన్నే చూస్తున్నట్టున్నాయి.

సగం ఆటకి పద్నాలుగు. విరామంలో పిల్లలు నిమ్మళంగా నీళ్ళు తాగుతుంటే నీ ఉత్తరం తీసి చదివాను. గట్టిగా, నువ్వు చదివినట్టే చదివాను. మిడత కళ్ళు ఎలా వెలిగాయో చెప్పలేను. ఆ తర్వాత వాళ్ళు ఆడలేదు అన్నయ్యా, నరికారు.

అవతలి కీపరు చిన్నపిల్ల. ప్యాడ్లు తొడలదాకా వచ్చాయి. హెల్మెట్టు పెద్దవాళ్ళది, ముందర జాలీ, లోపల మొహం కనపడలేదు. పదహారో గోలప్పుడు రిఫరీ వెళ్ళి అడిగాడు. పిల్ల కదల్లేదు. ఇరవైకి మళ్ళీ వెళ్ళాడు. ఇరవై ఐదుకి బతిమాలాడు, "ఎత్తమ్మా, తప్పులేదు, అందరూ ఎత్తుతారు" అని. తల అడ్డంగా ఊపింది. హెల్మెట్టు ఒకవైపు, లోపల తల ఇంకోవైపు తిరిగాయి. కాళ్ళు ఎడంగా పెట్టి, మోకాళ్ళు వంచి, చేతులు రెండూ పక్కలకి చాపి అలాగే నిలబడింది. బంతులు ప్యాడ్లకి తగులుతుంటే ఆ చప్పుడు, తడిపరుపు మీద దుడ్డుకర్రతో కొట్టినట్టు.

చివరి ఈలకి వాన దంచేసింది. బస్సు డ్రైవరు హారను మీద చెయ్యి తియ్యడు. అందరం పరిగెత్తి ఎక్కేశాం. బస్సు కదిలాక చూస్తే బంతి మిడత ఒళ్ళో ఉంది.

"ఇవ్వలేదా?"

"వానకదా మేడం."

కిటికీలోంచి చూశాను. వాళ్ళ జట్టంతా రేకుల షెడ్డు కిందికి చేరింది. ఆ పిల్ల ఒక్కతే గోల్లో, అదే నిలువున. ఆట అయిపోయిందని ఎవరూ చెప్పలేదు మరి.

మేం చేసింది సరైనదేనా?

చెల్లెలు


ఆగస్టు 20

విజయం పొందినదానా!

సరైనదేనా అని అడుగుతున్నావా? ఉత్తరం చదివి మిషను ముందు లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. సీటు కవరు కోసం వచ్చిన ఆటో డ్రైవరు హడలిపోయాడు.

కానీ నిజం చెప్పనా? మీ మిడత కంటే ఆ కీపరు పిల్ల నా మనసులో నిలబడింది. ముప్ఫై ఒక్కసార్లు పడగొట్టినా చెయ్యెత్తలేదా! గ్రంథంలో తెల్లవార్లూ అపరిచితుడితో కుస్తీ పట్టి, తుంటి తొలిగినా వదలని మనిషి గుర్తొచ్చాడు. ఎవరి బిడ్డో! దానికి నేర్పినవాడెవడో కనపడితే కాళ్ళమీద పడి దండం పెడతాను. వచ్చే ఆదివారం ప్రసంగం ఆ పిల్ల మీదే.

బంతి సంగతి వదిలెయ్. అది ఆచారం, ఆత్మ కాదు.

ఇక్కడ నవ్వుకునే సంగతొకటి. మా గువ్వ కొత్త చిలిపితనం నేర్చింది. సాయంత్రం బడినుంచి రాగానే వీధి గుమ్మంలో నిలబడుతోంది. కాళ్ళు ఎడంగా, చేతులు పక్కలకి చాపి. లోపలికి రానివ్వదు. "జరగవే, నా ఇల్లు" అంటే జరగదు. కుడివైపు నుంచి దూరబోతే కుడివైపు, ఎడమకి వస్తే ఎడమకి. అరవై నాలుగేళ్ళ ప్రసంగీకుణ్ణి, దొడ్డితలుపు నుంచి సొంత ఇంట్లో దూరుతున్నాను!

నీ అన్న


ఆగస్టు 29

అన్నయ్యా,

నీ దొడ్డితలుపు సంగతికి నవ్వొచ్చింది. నవ్వి చాలా రోజులైంది మరి.

మా పిల్లలకి గోల్సు పడటం లేదు. ఆడేటప్పుడు కాదు, ఊరికే ప్రాక్టీసులో. కీపరు లేదు, వట్టి గోలు. మిడత పది అడుగుల దూరంలోంచి కొట్టింది. బంతి గీత దాకా వెళ్ళి దబ్‌మని ఆగి వెనక్కి దొర్లింది. ఎత్తుపల్లం అనుకున్నాం. నేల చదును చేయించాం. పై మూలకి కొట్టమన్నాను, గాలిలో. గాలిలోనే ఆగి కిందపడింది.

వడ్రంగిని పిలిపించాను. గోలు చుట్టూ తిరిగి, గుంజలు తట్టి, వల ఊపి "బాగానే ఉందమ్మా" అన్నాడు. "అయితే మధ్యలోంచి నడువు" అన్నాను. నడవలేదు. గీత దగ్గర ఆగి, పక్కకి జరిగి, చుట్టూ తిరిగొచ్చాడు. ఎందుకలా వచ్చావంటే "ఏమోనమ్మా, ఎవరో ఉన్నట్టనిపించి" అని పనిముట్లు సర్దేసుకున్నాడు.

ఆ దబ్‌మనే చప్పుడు నేనెక్కడ విన్నానో నాకు తెలుసు. రాయడానికి ధైర్యం చాలడం లేదు.

వచ్చే నెల ఫైనలు. ఏం చెయ్యను?

చెల్లెలు


సెప్టెంబరు 2

భయపడకు!

అది గోల్లో లేదు, మీ గుండెల్లో ఉంది. గెలిచాక మనసు మెత్తబడింది, మెత్తబడిన చోట అపవాది కాలు పెట్టాడు. వాడికి మందు ఒక్కటే: ఎక్కువ కొట్టడం. గట్టిగా కొట్టడం. రోజూ అయిదింటినుంచి ఆరింటిదాకా ఒక్కో పిల్ల చేత ఇరవై బంతులు కొట్టించు. ఏ గోడైనా ఎన్నాళ్ళు నిలబడుతుంది? నేను ఇక్కడ అదే గంటకి మోకరిస్తాను. మనిద్దరం రెండు వైపులనుంచి తోద్దాం.

నాకూ ఇక్కడ తల తిరుగుతోంది. గువ్వ ఆట చిలిపితనం దాటిపోయింది. బడిలో కూడా తరగతి గుమ్మంలో నిలబడుతోందని కబురు పంపారు. టీచర్లు కిటికీలోంచి పాఠం చెబుతారా? ఇంటికి పంపేశారు. తెల్లారగానే గుమ్మంలోకి వస్తుంది, తిండి కూడా నిలబడే. చీకటి పడితే పడుకుంటుంది. ఒక్క మాట మాట్లాడదు.

అంతకంటే పెద్ద సంగతి. పిల్ల ఒంటిమీద దెబ్బలు. మోకాలి చిప్పల మీద, భుజం మీద, గుండ్రంగా, నల్లగా, నారింజపండంత. ఎవడో కొడుతున్నాడు చెల్లీ! పక్కింటి బడుద్ధాయిల్ని అడిగాను, నాలుగు కేకలు కూడా వేశాను. ఎవరూ ఒప్పుకోరు. ఆ చెయ్యి ఎవరిదో తెలిసిన రోజున నేను ప్రసంగీకుణ్ణన్న సంగతి మర్చిపోతాను.

నీ అన్న


సెప్టెంబరు 9

అన్నయ్యా,

నువ్వు చెప్పినట్టే చేశాను. రోజూ అయిదింటికి పదిహేను మంది, తలా ఇరవై. రోజుకి మూడొందల బంతులు. ఒక్కటీ దాటలేదు. నిన్న మా రెండో వరస పిల్ల కర్ర పారేసి ఏడ్చింది. "మేడం, ఊపిరి పీలుస్తోంది" అంది. ఎవరే అంటే గోలు వైపు చూపించింది. మిడత మాత్రం పళ్ళు బిగించి కొడుతోంది. దానికి ఇప్పుడు గెలుపు కాదు, గీత దాటడం ఒక్కటే కావాలి.

నాలుగో నంబరు బడితో ఆడిన బంతి సంచిలోనే ఉండిపోయిందని ఇవాళ బయటికి తీశాను. మూడు వారాలు దాటింది. ఇంకా తడిగానే ఉంది. దాని గరుకులో దారప్పోగు చిక్కుకుని ఉంది, ఆ కీపరు ప్యాడ్లదే అయ్యుండాలి. పసుపుపచ్చ. ఆ ప్యాడ్ల మీద కుట్లు బాగా గుర్తు, ఎందుకంటే అంత పాత సామాను మీద అంత శ్రద్ధగా వేసిన కుట్టు నేను చూళ్ళేదు. ప్రతి కుట్టు చివరా చిన్న సిలువ.

దారం ఇందులో పెడుతున్నాను. నువ్వు దారాలు తెలిసినవాడివి. ఎక్కడ దొరుకుతుందో చెబితే ఆ బడి ఏ ఊరిదో పట్టుకుంటాను. క్షమాపణ అడగాలి.

మీ గువ్వ దెబ్బలు తగ్గాయా? డాక్టరుకి చూపించు.

చెల్లెలు


సెప్టెంబరు 12

ఆపు.

కొట్టడం ఆపు. ఈ ఉత్తరం చేతిలో పడగానే గ్రౌండుకి తాళం వెయ్యి.

దారం నాది. లారీ సీట్లకి వాడే మైనపు దారం, పసుపుది ఈ ఊళ్ళో నేనొక్కణ్ణే తెప్పిస్తాను. పని ఏదైనా చివర సిలువ కుట్టందే తెంపను. ఆగస్టులో గువ్వ బడి సామానంటూ చిరిగిపోయిన మెత్తలేవో తెచ్చింది. కుట్టాను. అవి కాళ్ళకి కట్టుకునేవని కూడా అడగలేదు. మీ ఆట జరిగిన శనివారమే తడిసి ముద్దై వచ్చింది. "ఎక్కడికెళ్ళావే?" అంటే "ఆటకి" అంది. "గెలిచారా?" అన్నాను. "చెయ్యెత్తలేదు తాతా" అంది. నేను మెచ్చుకుని నా పనిలో పడ్డాను.

ఇవాళ అయిదింటికి మోకరించలేదు. గుమ్మం ఎదురుగా స్టూలేసుకు కూర్చుని పిల్లని చూశాను. అయిదు దాటి రెండు నిమిషాలకి మొదటి దెబ్బ. ఎవరూ లేరు. వీధి ఖాళీ. దబ్‌మంది, పిల్ల భుజం వెనక్కి పోయింది, మళ్ళీ నిలదొక్కుకుంది. లెక్కపెట్టాను. మూడొందలు.

నేను ఒక పక్క మోకరించి "కొట్టనీ ప్రభువా" అని అడిగాను. పది రోజులు అడిగాను. ఆయన విన్నాడు.

ఆ బంతి ఇప్పించు. చేతిలో పెట్టి అయిపోయిందని చెప్పించు. ఆచారమన్నాను కదూ? నా నోరు కాలిపోను.

అన్న


సెప్టెంబరు 15

అన్నయ్యా,

తాళం వేశాను. తాళంచెవి నా దగ్గరే ఉంది.

శనివారం మధ్యాహ్నం బస్సుకి మిడతని పంపుతున్నాను, వాళ్ళమ్మ తోడు వస్తోంది. బంతి దాని ఒళ్ళోనే. నేను రావాలి, వచ్చే మొహం లేదు.

ఒక్కటి చెప్పుకోవాలి. నీ తప్పంతా నువ్వే మోసుకోకు. ఆ రోజు నీ సలహా కోసం రాయలేదు. వెయ్యమనాలని నాకు ముందే ఉంది. పందొమ్మిదేళ్ళు ఓడిన జట్లతోనే ఈల ఊదాను అన్నయ్యా, ఒక్కసారి దంచెయ్యాలనిపించింది. దానికి నీ గొంతు కావాల్సి వచ్చింది. నువ్వు "ఆపు" అని రాసుంటే ఆ ఉత్తరం చదివేదాన్ని కాదు.

గువ్వని ఒకసారి నా పేరు చెప్పి ముట్టుకో. మొహం కూడా చూళ్ళేదు దానిది.

చెల్లెలు


సెప్టెంబరు 26

చెల్లీ,

అక్షరాలు వంకరగా ఉంటే కంగారు పడకు. ఎడంచేత్తో రాస్తున్నాను.

మీ మిడత అయిదింటికి కాస్త ముందు వచ్చింది. గుమ్మంలో గువ్వని చూసి మెట్టు మీదే ఆగిపోయింది. అయినా వెళ్ళింది, బంతి రెండు చేతులా పట్టుకుని "ఆట అయిపోయింది" అంది. గువ్వ తీసుకోలేదు. నెల తర్వాత మొదటిసారి నోరు విప్పింది.

"ఇంకా అవలేదు. నేను చెయ్యెత్తలేదు."

"ఈల మోగింది కదా!" అంది మిడత ఏడుస్తూ.

"వానలో నాకు వినపడలేదు."

అప్పుడు అయిదైంది. మీ గ్రౌండుకి తాళం ఉందని తెలుసు నాకు. అయినా దబ్‌మంది. తాళాలు మనుషులకే గాని దానికి కాదు. ఒకటి, రెండు, మూడు. నేను "ఎత్తవే గువ్వా, ఎత్తు, నీకు దండం పెడతా" అన్నాను. పిల్ల నావైపు చూసింది.

"ఎవరడిగినా అన్నావుగా తాతా."

చెల్లీ, నలభై ఏళ్ళు ప్రసంగించాను. తాగుబోతులతో, పంతుళ్ళతో, ఆఫీసర్లతో వాదించాను. "నేను ఓడిపోయాను" అన్న మాట ఈ నోట రాలేదు. ఆ మాట పిల్లకి నేను వినిపించనే లేదు, అది ఎక్కడ నేర్చుకుంటుంది? వెళ్ళి గుమ్మంలో దాని పక్కన నిలబడ్డాను. వీధి వైపు తిరిగాను. ఎదురుగా ఎవరూ లేరు. ఖాళీ వీధికి, కుడిచెయ్యి ఎత్తి, గొంతంతా పెట్టి చెప్పాను. "ఓడిపోయాం! నేను ఓడిపోయాను! ఆపండి!"

ఆగింది.

గువ్వ చేతులు మెల్లగా దిగాయి. రెక్కలు ముడిచినట్టు. మిడత చేతిలోంచి బంతి తీసుకుంది, చూసింది, "తడిగా ఉందే" అంది. కాసేపటికి ఇద్దరూ వీధిలో కర్రలు లేకుండా చీపుళ్ళతో ఆడుతున్నారు. దెబ్బలు పచ్చబడుతున్నాయి. తింటోంది, నవ్వుతోంది, బడికెళ్తోంది. నువ్వు తాళం తియ్యొచ్చు.

నా చెయ్యి మాత్రం దిగలేదు.

నొప్పి లేదు. డాక్టరు వంచి చూసి ఎముకకి ఏమీ కాలేదన్నాడు. ఆ కొండమీది ముసలాయన చెయ్యికి ఇద్దరు ఆసరా పట్టాల్సి వచ్చింది, నాది ఎవరూ పట్టకుండానే నిలబడింది. ఆదివారం కూటంలో నన్ను చూసి ఆరాధన అనుకుని అందరూ చేతులెత్తారు. నేను దేనికి ఎత్తానో చెప్పాను. ఒక్కరూ దించలేదు.

పొద్దున్నే గుమ్మంలో నిలబడతాను. గువ్వ బడిసంచి తగిలించుకుని నా చెయ్యి కిందనుంచి దూరి మెట్లు దిగుతుంది. రోజూ అడుగుతాను.

"ఇక దించనా తల్లీ?"

వీధి చివరదాకా ఒకసారి చూస్తుంది, ఎవరి కోసమో వెతికినట్టు.

"ఇంకాసేపు ఉంచు తాతా. రిఫరీ ఇంకా చూడలేదు."

నీ అన్న